ఐపీ నోటీసు వచ్చింది, రూపాయికి పావలా తీసుకుని సంతకం పెట్టమంటున్నారు

ప్రశ్న: మాది బిజినేపల్లి మండలం. వట్టెం రిజర్వాయరు కింద నా పేరు మీది పట్టా భూమి పోతే వచ్చిన పరిహారంలోంచి ఎనిమిది లక్షలు మాకు తెలిసిన ఎరువుల దుకాణదారుకు నూటికి రెండు రూపాయల మిత్తికి ఇచ్చినం. రెండు ప్రోనోట్లు నా పేరు మీదనే ఉన్నయి. 2023 ఆగస్టు 21న ఐదు లక్షలు, 2024 జనవరి 10న మూడు లక్షలు. పోయిన దీపావళి దాకా మిత్తి ఫోన్‌పేలో వేసిండు. ఫిబ్రవరిలో ఐపీ, అంటే అప్పులు తీర్చలేనని కోర్టులో దివాలా పిటిషన్, పెట్టిండు, ఇప్పుడు కోర్టు నోటీసు వచ్చింది. 63 మందికి 2 కోట్ల 90 లక్షలు బాకీ అని రాసిండు, మా పేరు 41వ నంబరు. మొదటి ఐదుగురు ఆయన చుట్టాలే, వాళ్లకే 1 కోటి 20 లక్షలు ఇయ్యాలట. ఆస్తి అంటే ఒక మోటార్ సైకిలు, ఇంట్ల సామాను, అంతా కలిపి అరవై వేలని చూపిండు. ఐపీకి ఎనిమిది నెలల ముందే ఇల్లు భార్యకు గిఫ్టు చేసిండు, దుకాణం బామ్మర్దికి అమ్మినట్టు రిజిస్ట్రీ చేసిండు. ఇల్లు నలభై ఐదు లక్షలు, దుకాణం అరవై లక్షలు పలుకుతయంటరు. దుకాణం మీద బ్యాంకులో ఇరవై లక్షల లోను ఉందట. ఇప్పుడు పెద్దమనుషులు వచ్చి, రూపాయికి పావలా ఇప్పిస్తం, సంతకం పెట్టి నోట్లు ఇచ్చేయుండ్రి, ఐపీ వెనక్కి తీసుకుంటడు, లేకుంటే ఒక్క పైస రాదు, ఐపీ నంబరు పడ్డంక మీరు కేసు కూడా వేయలేరు అంటున్నరు. మా ఇంటాయన పోలీసు కేసు పెడదామంటడు, లేదంటే అందరం కలిసి వాళ్లింటి ముందు కూర్చుందామంటడు. ఏం చేయాలె?

సమాధానం: అమ్మా, ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. నోట్లు ఎవరి చేతికీ ఇవ్వకండి. వాయిదా రోజు కోర్టుకు వెళ్లండి. వీటన్నిటికంటే ముందు చెప్పాల్సిన సంగతి ఇంకొకటుంది. మీ ఐదు లక్షల నోటుకు మూడేళ్ల గడువు ఈ ఆగస్టు 21తో తీరిపోతుంది.

ఐపీ నంబరు పడితే కేసు వేయలేరన్నది అబద్ధం. ఈ వ్యవహారమంతా 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద నడుస్తుంది. దాని 28, 29 సెక్షన్ల ప్రకారం దావాలకు అడ్డు వచ్చేది కోర్టు ఆయన్ని దివాలాదారుగా ప్రకటిస్తూ ఉత్తర్వు ఇచ్చిన తర్వాతే. పిటిషన్ వేసినందువల్ల, నోటీసు వచ్చినందువల్ల మీ దావా ఆగదు. అంతకన్నా ముఖ్యం, మీ గడువు కూడా ఆగదు. 78వ సెక్షన్ కింద లెక్కలోంచి మినహాయింపు దొరికేది దివాలా ఉత్తర్వు నుంచి అది రద్దయ్యేదాకా నడిచిన కాలానికి మాత్రమే. పిటిషన్ పెండింగులో ఉన్న నెలలకు ఆ మినహాయింపు లేదు. చాలామంది మునిగేది ఇక్కడే. ఐపీ తేలాక చూద్దామని ఊరుకుంటారు. రెండేళ్ల తర్వాత ఆ పిటిషన్ కొట్టేస్తారు. అప్పటికి నోటుకు కాలదోషం పట్టి ఉంటుంది.

ఫోన్‌పేలో మిత్తి వేశాడు కదా, గడువు పెరిగింది కదా అని మీకు ఎవరైనా చెప్పొచ్చు. లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం చెల్లింపు వల్ల గడువు పొడిగించాలంటే, ఆ చెల్లింపును ఒప్పుకుంటూ బాకీదారు చేతిరాతగానీ సంతకంగానీ ఉండాలి. నోటు వెనక చెల్లు రాయించుకునేది అందుకే. ఫోన్‌పే ఎంట్రీ ఆ పని చేస్తుందా అన్నది వాదించాల్సిన విషయం. ఐపీ పిటిషన్‌లో ఆయనే సంతకం పెట్టి మీ బాకీ రాశాడు కాబట్టి అది రాతపూర్వకమైన ఒప్పుకోలని కూడా మీ వకీలు వాదించవచ్చు, ఆ వాదనకు బలముంది. కానీ ఎనిమిది లక్షలను వాదన మీద వదిలేయడం ఎందుకు? జులైలోపు రెండు నోట్ల మీదా దావా వేసేయండి. నోటు మీద ఆయన భార్యగానీ అన్నగానీ జామీను సంతకం చేసి ఉంటే వాళ్లనూ ప్రతివాదులుగా చేర్చండి. రేపు ఆయనకు డిశ్చార్జి వచ్చి మిగిలిన అప్పుల నుంచి విడుదలైనా జామీనుదారులు విడుదల కారు, 44వ సెక్షన్ ఆ మాట స్పష్టంగా చెబుతుంది.

దావాలో ఆయన వకీలు మిమ్మల్ని తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: మీరు మిత్తి వ్యాపారం చేస్తారా, లైసెన్సు ఉందా? నిజాం కాలంలో వచ్చిన 1349 ఫస్లీ (అప్పటి సంవత్సరం లెక్క) మనీ లెండర్స్ చట్టం తెలంగాణ జిల్లాల్లో ఇప్పటికీ ఉంది. లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేసేవారి దావాను దాని కింద కొట్టేయవచ్చు. పరిహారం పైసలు తెలిసిన ఒక్కరికి ఇచ్చినంత మాత్రాన అది వ్యాపారం కాదు. పరిహారం జమ అయిన బ్యాంకు పాసుబుక్కు, అందులోంచి తీసిన తేదీ చూపిస్తే ఆ ప్రశ్న అక్కడితో సరి. మీరు ఇంకా నలుగురికి ఇలాగే ఇచ్చి ఉంటే మాత్రం ఆ సంగతి మీ వకీలుకు ముందే చెప్పండి, దాచకండి.

ఇక పావలా సంగతి. ముందు లెక్క చూద్దాం. ఇల్లు 45, దుకాణం 60, మొత్తం 105 లక్షలు. బ్యాంకు తన తాకట్టు హక్కు ప్రకారం ముందే 20 లక్షలు తీసుకుంటుంది, దాన్ని ఐపీ ఆపదు. మిగిలేది 85 లక్షలు. చుట్టాల 1 కోటి 20 లక్షలు ఉత్తవేనని తేలితే అసలైన బాకీ 1 కోటి 70 లక్షలు. రూపాయికి అర్ధరూపాయి వస్తుంది, మీ ఎనిమిది లక్షల అసలుకు నాలుగు లక్షలు. చుట్టాలూ లెక్కలో ఉంటే అదే 85 లక్షలు 2 కోట్ల 90 లక్షల మీద పరుచుకుని రూపాయికి 29 పైసలవుతుంది. మీకు చెప్పిన పావలా ఎక్కణ్నుంచి వచ్చిందో ఇప్పుడు తెలుస్తుంది. చుట్టాలు ఐదుగురు పోను 58 మందికీ పావలా చొప్పున కట్టినా ఆయనకు అయ్యేది 42 లక్షల 50 వేలు. ఇల్లూ దుకాణమూ చుట్టాల పేర్ల మీద భద్రం. నికరంగా 42 లక్షల పైచిలుకు మిగులు. ఇందులో రిసీవరు (ఆస్తిని చేతిలోకి తీసుకుని పంచడానికి కోర్టు పెట్టే మనిషి) ఖర్చులూ, పన్ను బాకీలుంటే వాటికి దక్కే మొదటి హక్కూ తీసేయాలి కాబట్టి అర్ధరూపాయి కొంత తగ్గొచ్చు. ఆస్తి ధరలు కూడా ఊళ్లో అనుకునేవే. అయినా లెక్క ఎటు మొగ్గుతుందో కనిపిస్తూనే ఉంది.

కోర్టును అడ్డం పెట్టుకుని పక్కదారి లాభం తీసుకోవడమంటే ఇదే. ఐపీ చట్టం రెండు పనుల కోసం ఉంది. ఉన్న ఆస్తిని అప్పులవాళ్లందరికీ వంతులవారీగా పంచడం, నిజంగా దివాలా తీసిన మనిషికి చివరకు ఊపిరి తీసుకునే అవకాశం ఇవ్వడం. ఈ రెండింటిలో ఏదీ అక్కర్లేకుండా, మిమ్మల్ని బెదిరించి చవగ్గా సంతకాలు కొనడానికి నంబరు వేయించుకుంటే అది కోర్టును పనిముట్టు చేసుకోవడం. బేరం కుదిరితే పిటిషన్ వెనక్కి తీసుకుంటానని ఆయనే కబురు పంపుతున్నాడంటే ఉద్దేశం దాగడం లేదు. ఆ కబురు తెచ్చింది ఎవరు, ఏ రోజు, ఎవరి ముందు అన్నారో ఇవాళే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. వాట్సాప్‌లో వస్తే తుడిచేయకండి. ఇంకో సంగతి, 14వ సెక్షన్ ప్రకారం కోర్టు అనుమతి లేకుండా ఐపీని ఎవరూ వెనక్కి తీసుకోలేరు, అది పెద్దమనుషుల చేతిలో లేదు. అప్పులవాళ్లతో రాజీ పద్ధతి చట్టంలోనూ ఉంది, 38వ సెక్షన్. కానీ అది దివాలా ఉత్తర్వు తర్వాత, కోర్టు పిలిచిన సమావేశంలో జరగాలి. బాకీ రుజువు చేసుకుని అక్కడికి వచ్చినవారిలో తలల లెక్కన సగానికి పైగా, డబ్బు లెక్కన నాలుగింట మూడు వంతులు ఒప్పుకోవాలి, ఆపై కోర్టు ఆమోదించాలి. 1 కోటి 20 లక్షల చుట్టాలు ఎందుకున్నారో దీన్ని బట్టి కూడా ఆలోచించండి. అసలైన అప్పులవాళ్లు నలుగురే వచ్చి మిగతావాళ్లు ఇంట్లో కూర్చుంటే తలల లెక్కలోనూ డబ్బు లెక్కలోనూ ఆ ఐదుగురే రాజీని నెగ్గిస్తారు.

అయితే ఒక జాగ్రత్త. ఎక్కువమంది కౌంటరులో (కోర్టుకు రాసిచ్చే జవాబులో) ‘ఇతను మోసగాడు, పిటిషన్ కొట్టేయండి’ అని నాలుగు పేజీలు రాయించి అక్కడితో ఆపేస్తారు. అది చాలదు. 1916లోనే ఛత్రపత్ సింగ్ దుగర్ కేసులో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో అన్నిటికన్నా పై కోర్టు) చెప్పింది: చట్టం పెట్టిన షరతులు నెరవేరితే బాకీదారు దివాలా ఉత్తర్వుకు అర్హుడే, అతని నడవడి మంచిదా కాదా అన్నది డిశ్చార్జి అడిగినప్పుడు చూడాలి. షరతులు కూడా చిన్నవే. అప్పు 500 రూపాయలు ఉంటే చాలు, తీర్చలేనని పైపైన నమ్మించగలిగితే చాలు. కాబట్టి తిట్టు పని చేయదు, ఆస్తి చూపించాలి.

నన్నడిగితే ఆయన పిటిషన్ కొట్టేయించడమే మీ లక్ష్యం కానక్కర్లేదు. ఎందుకంటే ఈ చట్టంలో మీకు అన్నిటికన్నా పదునైన ఆయుధం 53వ సెక్షన్, అది దివాలా ఉత్తర్వు వచ్చాకే చేతికొస్తుంది. ఆస్తి బదిలీ చేసిన రెండేళ్లలోపు ఐపీ పడి, దాని మీద దివాలా ఉత్తర్వు వస్తే, తగిన ప్రతిఫలం లేకుండా లేదా నిజాయితీ లేకుండా చేసిన ఆ బదిలీని కోర్టు రద్దు చేయవచ్చు. మీ విషయంలో గడిచింది ఎనిమిది నెలలే. భార్యకు ఇచ్చిన గిఫ్టులో ప్రతిఫలమే లేదు, కాబట్టి అది తేలిక. బామ్మర్దికి చేసిన అమ్మకంలోనే అసలు పని ఉంది. దివాలా ఉత్తర్వు వస్తే ఆయన ఆస్తి మొత్తం రిసీవరు చేతికి వెళ్తుంది, ఆ ఉత్తర్వు పిటిషన్ వేసిన రోజు నుంచే అమల్లోకి వచ్చినట్టు లెక్క. మిమ్మల్ని బెదిరించడానికి తెరిచిన తలుపులోంచే ఆయన ఇల్లూ దుకాణమూ వెనక్కి రావచ్చు. ఈ సంగతి తెలిసేసరికి చాలామంది ఐపీదారులు పిటిషన్ వెనక్కి తీసుకోవడానికి తొందరపడతారు. అప్పుడు కోర్టు అనుమతి ఇవ్వొద్దని అభ్యంతరం చెప్పాలి. దానికి తోడు, ఐపీ వేయడమే చట్టం దృష్టిలో ఒక దివాలా చర్య. దాన్ని ఆధారం చేసుకుని మూడు నెలల్లోపు అప్పులవాళ్లే సొంతంగా ఐపీ వేయవచ్చు, అప్పుడు ఆయన వెనక్కి తగ్గినా మీది నిలబడుతుంది. ఆయన ఫిబ్రవరిలో వేశాడు కాబట్టి మీకు మిగిలిన రోజులు చాలా తక్కువ, వకీలును కలిసిన మొదటి రోజే ఈ ప్రశ్న అడగండి.

బామ్మర్ది అమ్మకం ఉత్తదని ఎలా చూపిస్తారు? ముందు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులోనో మీసేవలోనో ఇంటికీ దుకాణానికీ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే కాగితం) తీయండి, దస్తావేజుల సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. వ్యవసాయ భూమి కూడా ఉందేమో చూడాలి. 2020 చివరి నుంచి సాగు భూముల రిజిస్ట్రేషన్లు తహశీల్దారు దగ్గర జరుగుతున్నాయి, అవి సబ్ రిజిస్ట్రారు ఈసీలో కనబడవు. ఒకప్పటి ధరణి, ఇప్పటి భూభారతి పోర్టల్లో విడిగా వెతకాలి. ఇది తెలియక ‘ఈసీలో ఏమీ లేదు’ అని వదిలేసినవాళ్లున్నారు. తర్వాత అమ్మకం దస్తావేజును నిదానంగా చదవండి. రాసిన ధర ఎంత, మార్కెట్ విలువ ఎంత, పైసలు చెక్కు మీద ఇచ్చారా లేక ‘ఇదివరకే నగదుగా ముట్టినవి’ అని ఒక్క వాక్యంతో తేల్చారా? బ్యాంకు లోను తీరకుండానే అమ్మకం జరిగి ఉంటే, అరవై లక్షలు పెట్టి తాకట్టులో ఉన్న దుకాణాన్ని ఎవరైనా కొంటారా అన్నది కోర్టుకు కూడా వచ్చే సందేహం. అప్పుడు దుకాణం ముందు నిలబడి చూడండి. బోర్డు మీద ఎవరి పేరుంది, జీఎస్టీ నంబరు ఎవరిది, కరెంటు మీటరు ఎవరి పేరు మీద నడుస్తోంది, పొద్దున షట్టరు ఎత్తేది ఎవరు? తేదీ పడేలా ఫొటో తీయండి. ఎరువుల లైసెన్సు ఏ చిరునామాకు, ఎవరి పేరు మీద ఉందో వ్యవసాయ శాఖకు సమాచార హక్కు దరఖాస్తు పెడితే తెలుస్తుంది. సబ్సిడీ ఎరువు పీఓఎస్ మిషన్ (అమ్మకాలు నమోదయ్యే యంత్రం) మీద కొనేవారి గుర్తింపు నమోదు చేసి అమ్మాల్సిందే కాబట్టి ఏ రోజు ఎన్ని బస్తాలు పోయాయో రికార్డు ఉంటుంది. పిటిషన్‌లో సరుకు లేదని రాసిన నెలలో ఆయన మిషన్ మీద బస్తాలు అమ్ముడుపోయి ఉంటే, తీర్చలేనన్న మాటా ఆస్తి జాబితా రెండూ ఒకేసారి కూలిపోతాయి.

ఇవన్నీ పట్టుకుని కోర్టులో మూడు అడగాలి. మొదటిది, 20వ సెక్షన్ కింద తాత్కాలిక రిసీవరు. బాకీదారే పిటిషనరైతే మామూలుగా నియమించాల్సిందేనని చట్టం అంటుంది, అయినా ఎవరూ అడగకపోతే చాలాచోట్ల అది జరగదు. రెండవది, 22వ సెక్షన్ కింద ఖాతా పుస్తకాలు, దాంతోపాటు బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీఎస్టీ రిటర్నులు దాఖలు చేయించడం. మూడవది, ఇల్లూ దుకాణమూ మూడోవారికి అమ్మకుండా నిలుపుదల. ఇది ఆలస్యం చేయొద్దు. 53వ సెక్షన్ కింద బదిలీ దానంతటదే చెల్లకుండా పోదు, కోర్టు రద్దు చేయాలి. ఈలోగా భార్య ఆ ఇంటిని ఏమీ తెలియని మనిషికి నిజమైన ధరకు అమ్మితే, కొన్నవాడి నుంచి వెనక్కి తేవడం బాగా కష్టం. విచారణ రోజు ఆయన్ని బోనులో ప్రశ్నించే హక్కు హాజరైన ప్రతి అప్పులవాడికీ 24వ సెక్షన్ ఇచ్చింది. దాన్ని వాడుకున్న కేసులు నడక మార్చుకుంటాయి. ఎవరూ రాని కేసులో మాత్రం ఎక్స్‌పార్టీగా ఉత్తర్వు వస్తుంది, రిసీవరు ‘ఆస్తి లేదు’ అని ఒక పేజీ రాస్తాడు, ఫైలు అలమారాలోకి వెళ్తుంది.

రిసీవరు తనంతట తాను కదలడు. ఈసీలు, ఫొటోలు జత చేసి బదిలీల రద్దుకు పిటిషన్ వేయమని ఆయనకు రాతపూర్వకంగా ఇచ్చి, ముట్టినట్టు రసీదు తీసుకోండి. ఆయన కాదంటే బాకీ రుజువు చేసుకున్న అప్పులవాళ్లెవరైనా కోర్టు అనుమతితో తామే వేయవచ్చు, 54-ఏ సెక్షన్. చుట్టాల బాకీల మీద కూడా ఇదే పట్టు పట్టాలి. నోటు ఏ తేదీది, అంత డబ్బు వాళ్ల దగ్గర ఎక్కడిది, దుకాణం ఖాతాలో అది జమ పడిందా అని అడిగి, నిలబడని పేర్లను 50వ సెక్షన్ కింద జాబితాలోంచి తీసేయించవచ్చు. మీ బాకీని కూడా మీరు అఫిడవిట్ మీద రుజువు చేసుకోవాలి. జాబితాలో పేరుంది కదా అని ఊరుకుంటే పంపకంలో వాటా రాదు.

ఐపీ పెట్టిన ప్రతి ఒక్కరూ మోసగాళ్లు కారు. అరువుకు ఇచ్చిన విత్తనాలు, మందుల పైసలు రెండు పంటకాలాలు వరుసగా వసూలు కాక నిజంగానే కుప్పకూలిన డీలర్లు మన జిల్లాల్లో ఉన్నారు. వాళ్లకు ఈ చట్టం అవసరం. మీ పరిశీలనలో ఆ అమ్మకం నిజమైనదని, బామ్మర్ది బ్యాంకు ద్వారా పూర్తి ధర కట్టాడని, ఆ డబ్బు పాత అప్పులకే పోయిందని తేలితే లెక్క మారిపోతుంది. అప్పుడు మిగిలేది ఇల్లొక్కటే, పావలా మంచి బేరమే కావచ్చు. కాగితాలు చూశాకే బేరం మాట్లాడాలన్నది అందుకే. అప్పుడైనా డబ్బు డీడీ రూపంలో చేతికొచ్చాకే నోటు ఇవ్వాలి. పూర్తిగా ముట్టిందని ముందే రాసివ్వడం, ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం చేయడం వద్దు. ‘మీకొక్కరికే పూర్తిగా ఇస్తా, ఎవరికీ చెప్పొద్దు’ అని ఆయన ప్లాటో బంగారమో ఇవ్వజూపినా వద్దనండి. ఐపీ తర్వాత అలా తీసుకున్నదాన్ని రిసీవరు మీ దగ్గర్నుంచే వెనక్కి తీసుకుంటాడు.

మీవారి ఆలోచన గురించి. ఇంటి ముందు కూర్చోవడం, సామాను తేవడం చేస్తే మీ మీదే కేసు అవుతుంది, మోసపోయిన మీరు ముద్దాయిలవుతారు. పోలీసు కేసు సంగతి వేరు. అప్పు తీసుకున్న రోజే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందనడానికి ఆధారాలుంటే, దొంగ నోట్లు పుట్టించారని తేలితే ఫిర్యాదు న్యాయమే. కానీ డబ్బు రాబట్టుకోవడానికి ఒత్తిడిగా మాత్రమే క్రిమినల్ కేసు పెడితే మీరు కూడా ఆయన చేసిన తప్పే చేస్తున్నట్టు. సుప్రీంకోర్టు అలాంటి కేసులను పదే పదే కొట్టేసింది. పుస్తకాలు మాయం చేసినా, తప్పుడు ఖాతాలు రాసినా, ఆస్తి దాచినా ఐపీ చట్టం 69వ సెక్షన్‌లోనే ఏడాది దాకా జైలు ఉంది, ఆ దారి ఐపీ కోర్టు ద్వారానే నడుస్తుంది. ఆయన చెక్కు ఏదైనా ఇచ్చి ఉంటే, దాని మీద తేదీ నుంచి మూడు నెలల్లోపు బ్యాంకులో వేయండి. తిరిగొస్తే 30 రోజుల్లో నోటీసు, ఆయనకు 15 రోజులు, ఆ తర్వాత నెలలోపు కేసు. ఐపీ పెండింగులో ఉందని చెక్కు కేసు ఆగదు.

ఖర్చుకు భయపడకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. నోట్లు మీ పేరు మీదే ఉన్నాయి కాబట్టి జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థలో మీరే దరఖాస్తు పెట్టండి, 15100కు ఫోన్ చేసినా చెబుతారు. జాబితాలోని మిగతా ఊళ్లవాళ్లను కూడా కూడగట్టండి. ఈసీలు, కాపీల ఖర్చు పదిమంది పంచుకుంటే తలా కొద్దిపాటే అవుతుంది. వెళ్లేటప్పుడు నోటీసు, రెండు నోట్ల జిరాక్సులు, పాసుబుక్కు, ఫోన్‌పే చెల్లింపుల ప్రింటు, ఆధార్ పట్టుకెళ్లండి. అసలు నోట్లు ఇంట్లోనే ఉంచి, దావా వేసే రోజు మాత్రమే బయటికి తీయండి.